బండి నడపలేని మనిషి లెక్కన ఇల్లు చూడు చెల్లె

ప్రశ్న: అక్కా, మాది నల్లగొండ. పదేళ్లుగా రామగిరిలో కిరాయికి ఉంటున్నాం, నెలకు 9,000. నేను టౌన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 18,000. పిల్లలిద్దరూ నా స్కూల్లోనే, ఫీజు సగం. పాప నాలుగో తరగతి, బాబుకు ఐదేళ్లు. మా ఆయన నార్కట్‌పల్లిలో ల్యాబ్ టెక్నీషియన్, 42,000 వస్తాయి. అత్తమ్మకు 67, మోకాళ్ల నొప్పులు. హైదరాబాద్ రోడ్డులో మర్రిగూడ బైపాస్ దాటి నాలుగు కిలోమీటర్లు పోయాక, మెయిన్ రోడ్డు నుంచి కిలోమీటరున్నర లోపలికి, ఒక వెంచర్‌లో 150 గజాల్లో కట్టిన ఇల్లు చూశాం. 48 లక్షలు చెప్తున్నారు, 35 లక్షలు లోన్ వస్తుందట. మా ఆయనకు బాగా నచ్చింది. ఇల్లు నాకూ నచ్చింది కానీ అక్కడ నిలబడితే ఎందుకో మనసు ఒప్పుకోవట్లేదు. అత్తమ్మ ఏమీ అనట్లేదు. ఉగాదికి రేటు పెరుగుతుంది, 15 రోజుల్లో 2 లక్షలు అడ్వాన్స్ ఇవ్వండి అని బిల్డర్ తొందరపెడుతున్నాడు. నాది ఉత్త భయమేనా?

జవాబు:

చెల్లె, నీది ఉత్త భయం కాదు. నీకు ఇల్లు నచ్చింది, అక్కడ గడిచే రోజు నచ్చలేదు. ఆ రెండింటినీ విడదీసి మీ ఆయనకు చెప్పలేకపోతున్నావు, అందుకే అది భయంలా కనిపిస్తోంది. మొహమాటపడకుండా నా మాట చెప్తా: ఇప్పుడు అడ్వాన్స్ ఇవ్వద్దు. ఊరి బయట ఇల్లు తప్పని నేను అనడం లేదు, నేనే పదకొండేళ్ల నుంచి దేవరకొండ రోడ్డులో ఊరి చివర ఉంటున్నా, ఇప్పుడు నా ఇల్లంటే నాకు ప్రాణం. కానీ మేము కొన్నప్పుడు చూడాల్సింది చూడలేదు, దాని కష్టం మా ఇంట్లో ఒక మనిషి మోశాడు.

ఆ మనిషి మా మామయ్య. మేము ముందు గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఉండేవాళ్లం. ఆయన పొద్దున ఆరింటికి లేచి, చేతికర్ర పట్టుకుని నడుచుకుంటూ పోయి, హోటల్లో చాయ్ తాగి, అక్కడే పేపర్ చదివి, నలుగురితో మాట్లాడి, వస్తూ వస్తూ ఒక కొత్తిమీర కట్ట తెచ్చేవారు. కొత్త ఇంటికి వచ్చాక ఆయనకు మంచి గది ఇచ్చాం, అటాచ్డ్ బాత్రూమ్, కిటికీలోంచి గాలి, అన్నీ ఉన్నాయి. నడిచి పోవడానికి మాత్రం ఏ చోటూ లేదు. నాలుగు దిక్కులా ఖాళీ ప్లాట్లు, తుమ్మచెట్లు, కుక్కలు. ఎవరు బండి స్టార్ట్ చేసినా గేటు దగ్గరికి వచ్చి "బజారుకు పోతున్నవా బిడ్డా" అని అడిగేవారు. మేము ఆఫీసు తొందరలో "సాయంత్రం తీసుకుపోతా మామయ్యా" అని వెళ్లిపోయేవాళ్లం. ఆయన కూడా మీ అత్తమ్మలాగే ఇల్లు కొనేటప్పుడు ఏమీ అనలేదు. రెండేళ్లు పోయాక మాకు తెలిసొచ్చి, ఒక ఆటో అబ్బాయితో నెలకింత అని మాట్లాడుకుని వారానికి మూడు రోజులు పొద్దున తీసుకుపోయి తీసుకొచ్చేలా పెట్టుకున్నాం. ఆ ఆటో వచ్చే రోజు ఆయన అయిదింటికే తయారై కూర్చునేవారు. ఇప్పుడు ఆయన లేరు. ఇల్లు చూసిన రోజు వాస్తు చూశాం, గోడల మందం చూశాం, ఈ ఒక్కటి చూడలేదే అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే ఊరి చివర ఇల్లు కొంటామని ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. ఇంట్లో బండి నడపగలిగిన వాళ్ల లెక్కన ఆ చోటును చూడకండి, నడపలేని వాళ్ల లెక్కన చూడండి. మీ ఇంట్లో అయిదుగురిలో ముగ్గురు బండి నడపలేరు. మీ ఆయనకు ఈ ఇల్లు ఎందుకు నచ్చిందో నాకు అర్థమైంది, ఆయన డ్యూటీకి దాదాపు అయిదు కిలోమీటర్లు దగ్గరవుతుంది, టౌన్ ట్రాఫిక్ దాటే పనే ఉండదు. దగ్గరయ్యేది ఆయనొక్కరికే. నీకు, ఇద్దరు పిల్లలకు, అత్తమ్మకు దూరమవుతుంది. ఇది ఆయన మీద ఫిర్యాదులా కాకుండా, ఒక కాగితం మీద అయిదుగురి పేర్లు రాసి, ఎవరెవరికి ఎన్ని కిలోమీటర్లు పెరిగాయి, ఎన్ని తగ్గాయి అని ఎదురుగా పెట్టు. చూడగానే ఆయనకే తెలుస్తుంది.

డబ్బు లెక్క కూడా అదే కాగితం మీద వెయ్యి. 35 లక్షలు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ దగ్గర దగ్గర 30,400 వస్తుంది. మీ ఇద్దరి జీతం కలిపి 60,000, అంటే సగం పోతుంది. కష్టమే కానీ నెట్టుకు రావచ్చు. నన్ను భయపెడుతున్నది వేరే. ఈ లెక్క నడవాలంటే నీ జీతం ఉండి తీరాలి, ఆ ఇంటికి వెళ్తే నీ ఉద్యోగమే ముందు ఇబ్బందిలో పడుతుంది. ఇప్పుడు నీకు స్కూలు పక్కనే. అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లు, ఇద్దరు పిల్లలతో ఒకే స్కూటీ మీద, హైవే లారీల మధ్య. ఒక వర్షాకాలం చేస్తావు, రెండో ఏడాది బాబుకు జ్వరాలు, అత్తమ్మను చూసుకోవడానికి పగలు మనిషి లేకపోవడం, ఇవన్నీ కలిసి "మానెయ్యరాదూ" అని ఇంట్లోనే ఎవరో ఒకరు అంటారు. మా కాలనీలో ఇలా ఉద్యోగం మానేసిన ఆడవాళ్లను ముగ్గురిని చూశాను. నీ 18,000 పోతే, 42,000లో ఈఎంఐ పోగా మిగిలేది 11,600. అందులో అయిదుగురు బతకాలి, పైగా పిల్లల ఫీజు రాయితీ కూడా పోతుంది. ఏ బ్యాంకు మేనేజరూ నీకు ఈ లెక్క వేసి చూపించడు, వాళ్లు ఈ రోజు జీతం స్లిప్ చూస్తారు అంతే.

చేతి డబ్బు సంగతి కూడా చూసుకో. 13 లక్షలు మీరు పెట్టుకోవాలి కదా, దానికి తోడు రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, 48 లక్షల మీద వేస్తే 3 లక్షల 60 వేలు. గ్రిల్స్, కప్‌బోర్డులు, ఇన్వర్టర్, గృహప్రవేశం ఖర్చు వేరే. బంగారం కుదువ పెట్టి పూడ్చుకుందాం అనుకుంటుంటే అది కూడా అప్పే, ఈఎంఐ పక్కన రాసుకో.

ఇక నీళ్లు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఓపికగా చదువు. మనం నల్లగొండ వాళ్లం, ఫ్లోరైడ్ గురించి మనకు ఒకరు చెప్పాలా అనుకుంటాం. కానీ టౌన్‌లో ఉన్నవాళ్లకు పానగల్ ఉదయసముద్రం నుంచి కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నాయి కాబట్టి ఆ భయం మర్చిపోయాం. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ దాన్ని తయారు చేసి నల్లగొండ టెక్నిక్ అంది. మన భూమి అడుగున ఉన్న రాయి అలాంటిది, అందులోంచే ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. ఊరి బయట వెంచర్‌లో ఇల్లంటే చాలాసార్లు బోరు మీదే బతుకు. "బోరు ఫుల్లు వాటర్ మేడం" అని బిల్డర్ అంటాడు, నీళ్లు ఎన్ని ఉన్నాయో చెప్తాడు కానీ ఎలాంటివో చెప్పడు.

మేము వచ్చిన కొత్తలో తాగడానికి క్యాన్ తెప్పించుకుని, వంటకు బోరు నీళ్లే వాడాం. అన్నం, పప్పు ఆ నీళ్లతోనే ఉడుకుతాయి కదా, ఆ ఫ్లోరైడ్ అంతా కడుపులోకే పోతుందని అప్పుడు తట్టలేదు. రెండేళ్ల తర్వాత పరీక్ష చేయిస్తే లీటరుకు 2.8 మిల్లీగ్రాములు వచ్చింది. మన దేశం పెట్టుకున్న ప్రమాణం 1, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. మా చిన్నోడి ముందు పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు పడ్డాయి, అవి ఇక పోవు. శాశ్వత పళ్ల పైపూత తయారయ్యేది ఎనిమిదేళ్ల లోపు వయసులోనే, నీ బాబుకు ఇప్పుడు ఐదు. కాచి వడపోస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని ఆపలేదు. ఆర్వో ఆపుతుంది, కానీ వంటకు, తాగడానికి అయిదుగురికి సరిపడా నీళ్లు పట్టి, వదిలేసే నీళ్లు ఎటు పోవాలో కూడా చూసుకోవాలి. కాబట్టి అడ్వాన్స్ మాట తర్వాత, ముందు ఒక శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ బాటిల్ తీసుకెళ్లి, గాజు సీసా వద్దు, బోరు మోటారు అయిదు నిమిషాలు నడిచాక పట్టుకుని పరీక్ష చేయించు. ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ వాళ్ల నీటి పరీక్షల ల్యాబ్‌లో అడుగు. పక్కింటి బోరు రిపోర్టు చూపిస్తే నమ్మద్దు, ఒకే వీధిలో రెండు బోర్లకు తేడా ఉంటుంది. భగీరథ నల్లా ఆ వీధిదాకా వచ్చిందా, వచ్చినా రోజూ నీళ్లు వస్తున్నాయా అన్నది అక్కడ ఉంటున్న ఆడవాళ్లనే అడుగు.

వాళ్లను అడగాలంటే ముందు అక్కడ మనుషులు ఉండాలి. మీరు ఆదివారం పగలు పోయి చూసి ఉంటారు. ఒకసారి మామూలు రోజు రాత్రి ఎనిమిదింటికి పోయి, వెలుగుతున్న కిటికీలు లెక్కపెట్టు. నూటయాభై ప్లాట్లకు పదిహేను ఇళ్లలోనే లైటు కనిపిస్తే, మిగతావి పెట్టుబడి కోసం కొని పెట్టుకున్నవని అర్థం. వాళ్లు ఎప్పుడు కడతారో వాళ్లకే తెలియదు. ఇళ్లు నిండకపోతే కిరాణం షాపు రాదు, ఆటో రాదు, మోరీ పడదు, వీధిలైటు పోతే అడిగే గొంతు ఉండదు. మా దగ్గర మొదటి కిరాణం కొట్టు పెట్టడానికి నాలుగేళ్లు పట్టింది, అంతదాకా పెరుగు తోడు వేయడం మర్చిపోతే బండి తీయాల్సిందే. చిన్న విషయంలా ఉంటుంది కానీ రోజుకు రెండుసార్లు ఇలాంటివి వస్తే మనిషి అలిసిపోతుంది.

ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు 2023 డిసెంబర్ నుంచి ఫ్రీ కదా, బస్సులో పోవచ్చు అని మీ ఆయన అంటుండవచ్చు. నిజమే, అది హైవే, బస్సులు బాగానే తిరుగుతాయి. దిగాక లోపలికి కిలోమీటరున్నర ఉందే, అసలు సమస్య అది. ఒక రోజు స్కూటీ ఇంట్లో వదిలేసి, స్కూలు నుంచి పిల్లలిద్దరినీ తీసుకుని బస్సెక్కి, అక్కడ దిగి, వాళ్ల బ్యాగులతో ఆ ఇంటిదాకా నడిచి చూడు, సాయంత్రం ఆరున్నరకు, ఇప్పుడు పొద్దు తొందరగా గూకుతుంది కాబట్టి ఇప్పుడే చూడు. ఆ బస్సు అక్కడ ఆగుతుందో లేదో కూడా ఆ రోజే తెలుస్తుంది. రోడ్డు దాటేటప్పుడు పాప చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నావో నీకే గుర్తుంటుంది.

ఇల్లు మీకు నిజంగా నచ్చిందంటున్నావు కాబట్టి ఒక దారి చెప్తా. అదే వెంచర్‌లోనో, దాని పక్క కాలనీలోనో ఒక ఇల్లు ఫిబ్రవరి చివర నుంచి మే చివరిదాకా కిరాయికి తీసుకోండి. మూడు నెలలు రెండో కిరాయి దండగ కదా అనిపిస్తుంది, అటూ ఇటూ సామాను మార్చే ఖర్చు కూడా. అన్నీ కలిపినా మీరు ఇవ్వబోయే అడ్వాన్స్‌లో పావు వంతు కూడా కాదు. రామగిరి ఇల్లు మాత్రం ఖాళీ చేయకండి, కావాల్సిన సామానే తీసుకుపోండి. ఆ నెలలే ఎందుకన్నానంటే, మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పన్నెండున్నరకు బడి వదిలితే, ఆ ఎండలో ఇద్దరు పిల్లలను వెనకా ముందూ కూర్చోబెట్టుకుని ఎనిమిది కిలోమీటర్లు. ఏప్రిల్, మేలో 44, 45 డిగ్రీలప్పుడు బోరు ఎంతసేపు పోస్తుందో, చుట్టూ ఒక్క చెట్టు లేని స్లాబు ఇల్లు రాత్రి పదకొండుకు ఎంత వేడి కక్కుతుందో, కరెంటు పోతే ఎంతసేపటికి వస్తుందో అన్నీ తెలిసిపోతాయి. అవి తట్టుకున్నారంటే మిగతా కాలమంతా తట్టుకుంటారు. వాన ఒక్కటి మిగులుతుంది. కొనే ముందు జూలైలోనో ఆగస్టులోనో పెద్ద వాన పడిన తెల్లారి ఒకసారి పోయి, నీళ్లు ఎటు నిలిచాయో, సెప్టిక్ ట్యాంకు పొర్లిందా చూసుకోండి.

కాగితాల సంగతి నీకు ఇంకెవరైనా చెప్తారు, నేను క్లుప్తంగా చెప్తా. లేఔట్‌కు డీటీసీపీ, అంటే టౌన్ ప్లానింగ్ శాఖ అనుమతి ఉందా, లేకపోతే ప్లాటుకు ఎల్ఆర్ఎస్, అంటే క్రమబద్ధీకరణ అయ్యిందా, పొలాన్ని నాలా, అంటే వ్యవసాయేతర భూమిగా మార్చారా, ఇల్లు కట్టడానికి అనుమతి తీసుకున్నారా, తీసుకున్న ప్లాను ప్రకారమే కట్టారా చూడండి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం, కనీసం 30 ఏళ్లది తీయండి, లింక్ డాక్యుమెంట్లు అన్నీ అడగండి. మన దగ్గర కుంటలు, చెరువులు ఎక్కువ, సర్వే నంబరు ఎఫ్‌టీఎల్‌లోకి (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) గానీ, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్‌లోకి గానీ వస్తుందేమో ఇరిగేషన్ వాళ్ల దగ్గర కనుక్కోండి. 10 హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. "బ్యాంకు లోన్ ఇస్తోంది కాబట్టి అంతా క్లియర్" అనే మాట మీద ఆగిపోవద్దు, మీ తరఫున మీరు ఒక వకీలుకు ఫీజు ఇచ్చి చూపించుకోండి. రిజిస్ట్రేషన్ ఇద్దరి పేరు మీద ఉండాలి, లోన్ కట్టేది ఇద్దరు కాబట్టి. ఇది అడగడానికి సిగ్గుపడకు.

రీజనల్ రింగు రోడ్డు వస్తుంది, రేట్లు రెట్టింపవుతాయి అని కూడా బిల్డర్ చెప్పి ఉంటాడు, ఈ మాట అనని వాళ్లు లేరు. ఆ రోడ్డు పోయేది చౌటుప్పల్ మీదుగా. చౌటుప్పల్ ఎక్కడ, మీ ఇల్లు ఎక్కడ? అయినా మీరు ఉండటానికి కొంటున్నారు, అమ్మడానికి కాదు. రేటు పెరిగితే నీ పిల్లల బడి దగ్గరకు రాదు.

ఊరి బయట సుఖం లేదని మాత్రం అనుకోకు. మా పిల్లలు సైకిలు నేర్చుకున్నది ఆ ఖాళీ వీధుల్లోనే, టౌన్‌లో ఉంటే నేను గేటు దాటనిచ్చేదాన్నే కాదు. నేను నాటిన మామిడి మూడేళ్ల నుంచి కాస్తోంది. రాత్రి మేడ మీద పడుకుంటే చప్పుడు ఉండదు. ఇప్పుడు మా కాలనీలో నలభై ఇళ్లు దాటాయి, షేర్ ఆటోలు లోపలిదాకా వస్తాయి. ఇంకో విషయం, మీరు చూసిన వైపు అయితే నార్కట్‌పల్లిలో పెద్దాసుపత్రి ఉంది, రాత్రివేళ అత్తమ్మకు ఏదైనా అయితే ఆ దారి నయమే. మూడు నెలలు ఉన్నాక అందరికీ నచ్చితే ధైర్యంగా కొనుక్కోండి, అప్పుడు నీ మనసు కూడా ఒప్పుకుంటుంది. నచ్చకపోతే అదే డబ్బుతో టౌన్‌లో ఇండిపెండెంట్ ఇల్లు రాదు కానీ పాత అపార్టుమెంట్‌లో ఒక మంచి ఫ్లాటు వెతకవచ్చు, పానగల్ వైపు, మిర్యాలగూడ రోడ్డు వైపు బస్సు దిగి నడిచేంత దూరంలో 100 గజాల ఇళ్లు కూడా చూడండి. మీ ఆయనకు రోజూ ఇంకో ఆరేడు కిలోమీటర్లు పడుతుంది, ఆయన ఒక్కరికే పడుతుంది.

బిల్డర్‌కు రేపు ఫోన్ చేసి, "నీటి పరీక్ష రిపోర్టు, లేఔట్ అనుమతి కాపీ వచ్చాక మాట్లాడతాం" అని చెప్పండి. 15 రోజుల్లో వేరేవాళ్లు కొనుక్కుంటే కొనుక్కోనివ్వు. అలాంటి వెంచర్లు హైదరాబాద్ రోడ్డు పొడుగునా ఉన్నాయి.

చివరగా ఒకటి అడుగుతున్నా. అత్తమ్మ ఏమీ అనట్లేదు అని రాశావు. కొడుకు సంతోషంగా ఉన్నాడని ఆమె నోరు కట్టుకుని ఉండవచ్చు. ఈ ఆదివారం ఆమెను కూడా అక్కడికి తీసుకుపోయి, లోపల గదులు చూపించడం అయ్యాక గేటు బయట కుర్చీ వేసి కాసేపు కూర్చోబెట్టు. రామగిరిలో పొద్దున లేచి ఎవరింటికి పోతుంది, గుడికి ఎలా పోతుంది, కూరగాయల బండి దగ్గర ఎవరితో మాట్లాడుతుంది, అవన్నీ నీకు తెలుసు కదా. "ఇక్కడ పొద్దున లేచి ఎటు పోతవు అత్తమ్మా" అని అడుగు. మీ ఆయన పక్కనే ఉన్నప్పుడు అడుగు.